మారిషస్: పెద్దవాళ్లతో, పిల్లలతో ఆరు రోజుల్లో దీవి ఎలా చూడాలి?

మీ ప్రశ్న పూర్తిగా చదివానండీ. మే నెలాఖరులో ఆరు రాత్రులు. మీరిద్దరూ, పదకొండేళ్ల పాప, ఐదేళ్ల బాబు, డెబ్భై దాటిన మీ అమ్మానాన్నలు. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, అమ్మగారు గుడ్డు కూడా ముట్టరు. ఏజెంటు పంపిన ప్లాన్‌లో రోజుకో టూర్ ఉంది: నార్త్ టూర్, సౌత్ టూర్, ఈస్ట్ టూర్, డాల్ఫిన్ టూర్, చివర్న కారులో దీవి చుట్టూ ఒక రౌండ్. ఇదంతా కుదురుతుందా, హోటల్ ఏ వైపు తీసుకోవాలి అని అడిగారు.

ఉద్యోగరీత్యా కొన్నేళ్లు అక్కడ ఉన్నాను. మనవైపు నుంచి ఎవరు వచ్చినా తిప్పి చూపించే పని నాకే పడేది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. కుదురుతుందా అంటే కుదురుతుంది. కాకపోతే మూడో రోజు పొద్దున నాన్నగారు "మీరు వెళ్లి రండి, నేను రూములోనే ఉంటా" అంటారు. ఆ మాట ఆయన నోట రాకుండా చూసుకోవడమే ఈ ట్రిప్‌లో అసలు పని. అందుకోసం ప్లాన్‌లో ముందుగా కొట్టేయాల్సింది ఆ చివరి రౌండ్.

మ్యాప్‌లో దీవి చాలా చిన్నది. పొడవు సుమారు 65 కిలోమీటర్లు, వెడల్పు 45. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చుట్టేసి రావచ్చు కదా అనిపిస్తుంది. కానీ హైవే అనదగ్గది ముఖ్యంగా ఒకటే. ఆగ్నేయ మూల ఎయిర్‌పోర్టు దగ్గర మొదలై, మధ్యలో పీఠభూమి ఎక్కి, రాజధాని పోర్ట్ లూయిస్ మీదుగా ఉత్తరాన గ్రాండ్ బే వైపు పోతుంది. పొద్దున, సాయంత్రం ఆఫీసు వేళల్లో పోర్ట్ లూయిస్ దగ్గర బాగా జామ్ అవుతుంది. తీరం వెంట పోయే రోడ్డు అందంగానే ఉంటుంది, కాకపోతే ఇరుకు, ఊళ్లకు ఊళ్లు తగులుతాయి, మలుపులు ఎక్కువ. మే నెలలో చెరకు నిలువెత్తు పెరిగి రోడ్డు అంచుదాకా ఉంటుంది కాబట్టి చాలాచోట్ల సముద్రం కూడా కనపడదు. ఐదేళ్ల పిల్లాణ్ని వెనక సీట్లో కూర్చోబెట్టి ఆ రౌండ్ వేయడం ఎవరికీ సుఖం కాదు.

ఇక వాతావరణం. ఉష్ణమండల దీవి కదా అని మనవాళ్లు కాటన్ బట్టలు మాత్రమే సర్దుకుంటారు. మారిషస్ దక్షిణార్ధగోళంలో ఉంది. మనకు రోహిణి కార్తె ఎండలు మండుతున్నప్పుడు అక్కడ శీతాకాలం మొదలవుతుంది. తుపాన్ల భయం జనవరి నుంచి మార్చి దాకా ఎక్కువ, మే చివరికి ఆ టెన్షన్ ఉండదు. తీరంలో హాయిగా ఉంటుంది. దీవి మధ్యలో మాత్రం వేరే సంగతి. క్యూర్పిప్ ఊరు, గంగా తలావ్ సరస్సు ఐదు వందల మీటర్లకు పైన ఎత్తులో ఉన్నాయి. అక్కడ సన్నటి తుంపర, చలిగాలి మామూలే. కింద బీచ్‌లో నిక్కరుతో ఉన్న పిల్లాడు అరగంట తర్వాత పైన గజగజ వణుకుతాడు. ఒక్కొక్కరికి ఒక స్వెటర్, అమ్మగారికి శాలువా కారులో పెట్టే ఉంచండి.

హోటల్ ఎంపిక కూడా గాలి మీదే ఆధారపడి ఉంటుంది. ఈ కాలంలో వ్యాపార పవనాలు ఆగ్నేయం నుంచి వీస్తాయి. తూర్పు, ఆగ్నేయ తీరాల్లో గాలి నేరుగా తగులుతుంది. మధ్యలో ఉన్న కొండలు అడ్డుపడటం వల్ల పడమటి తీరం ప్రశాంతంగా ఉంటుంది. తూర్పున బెల్ మార్ దగ్గరి రిసార్టుల ఫోటోలు అద్భుతంగా ఉంటాయి, నిజమే. డిసెంబరులో అయితే నేనూ అక్కడికే పొమ్మంటాను. మే చివర్లో మీరు పడమటి తీరాన ఫ్లిక్ ఆన్ ఫ్లాక్ చుట్టుపక్కల తీసుకోండి. సూర్యాస్తమయం సముద్రంలోకే కనిపిస్తుంది, మీరు చూడాలనుకుంటున్న కొండప్రాంతం కూడా దగ్గర. రిసార్టు బదులు వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ అయితే మీ కుటుంబానికి ఇంకా నయం. బియ్యం, పప్పులు, పెరుగు అక్కడి సూపర్‌మార్కెట్లలో దొరుకుతాయి. రాత్రిపూట ఇంత పప్పు, అన్నం వండుకుంటే అమ్మగారి సమస్య సగం తీరినట్టే. గ్రౌండ్ ఫ్లోర్ కావాలని, లేదా లిఫ్ట్ ఉందా అని బుక్ చేసే ముందే అడగండి. ఆరు రాత్రులకు రెండు హోటళ్లు మారడం మాత్రం వద్దు. పెట్టెలు సర్దడం, విప్పడంతోనే ఒక రోజు పోతుంది.

గడియారం సంగతి ఏ ఏజెంటూ చెప్పడు. మారిషస్ సమయం మనకంటే గంటన్నర వెనక. అంటే ఇంట్లో ఆరున్నరకు లేచే పిల్లలు మొదటి రెండు మూడు రోజులు అక్కడ ఐదింటికే లేచి కూర్చుంటారు. పెద్దవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. సాయంత్రం ఐదూ నలభైకల్లా సూర్యుడు అస్తమిస్తాడు. ఈ రెండింటినీ కలిపి చూస్తే పద్ధతి దానంతటదే తేలుతుంది: ఏడున్నరకు బయల్దేరండి, మూడింటికల్లా తిరిగి వచ్చేయండి, ఆ తర్వాత మీ హోటల్ ఎదుటి బీచే. పది గంటలకు బయల్దేరే కుటుంబాలు చీకట్లో, జామ్‌లో, ఏడుస్తున్న పిల్లలతో తిరిగొస్తాయి.

అన్నిటికంటే ఎక్కువ మనసుపెట్టి ప్లాన్ చేసుకోవాల్సింది నైరుతి రోజు. మీరు పెట్టుకున్న కోరికల్లో సగం ఆ ఒక్క దారిలోనే ఉన్నాయి. పొద్దున్నే గంగా తలావ్ వెళ్లండి, ఎందుకంటే మధ్యాహ్నం దాటితే పైన మబ్బులు కమ్ముకోవడం మామూలు. రోడ్డు పక్కనే 33 మీటర్ల శివుడి విగ్రహం నిలబడి ఉంటుంది, వడోదరలోని సూర్‌సాగర్ చెరువు శివుడిని చూసి చేశారు. ఎదురుగా అంతే ఎత్తున దుర్గాదేవి. సరస్సు పాత అగ్నిపర్వత బిలంలో నిండిన నీరు. 1972లో గంగాజలం తెచ్చి అందులో కలిపారు. మహాశివరాత్రికి దీవి నలుమూలల నుంచీ లక్షలమంది కాలినడకన, కావళ్లు మోసుకుంటూ వస్తారు. మామూలు రోజున ఎంత నిశ్శబ్దంగా ఉంటుందంటే అమ్మగారు గంటసేపు కదలరు, కదలమని తొందర కూడా పెట్టకండి. గట్టు మీద నేల చదునుగా ఉంటుంది కాబట్టి నాన్నగారికి ఇబ్బంది లేదు. మెట్లెక్కి కొండమీది గుడి చూడాలనుకుంటే మీరు వెళ్లిరండి. పిల్లల చేతిలో అరటిపండు, చిప్స్ ప్యాకెట్ లేకుండా చూసుకోండి, కోతులు లాక్కుపోతాయి. బాబుకు నీళ్లలో పాముల్లాంటి ఈల్ చేపలు చూపించండి, శివుడి కంటే అవే ఎక్కువ గుర్తుంటాయి వాడికి.

అక్కడి నుంచి దారి బ్లాక్ రివర్ గోర్జెస్ నేషనల్ పార్కు అంచునే పోతుంది. దీవిలో మిగిలిన అసలైన అడవి చాలావరకు ఇదే. కారు ఆపి కొద్ది అడుగులు నడిస్తే లోయంతా కనిపించే వ్యూ పాయింట్ ఉంది. మబ్బు ఉంటే అడుగు దూరం కూడా కనపడదు, అలాంటప్పుడు ఆగకుండా షమరెల్ ఊరికి దిగిపోండి. షమరెల్‌లో జలపాతం, ఏడు రంగుల నేల ఒకే గేటు లోపల ఉంటాయి. జలపాతం చూడ్డానికి వ్యూ పాయింటు దాకా కారు వెళ్తుంది. ఏడు రంగుల నేల గురించి మాత్రం ముందే చెప్తున్నా, ఫోటోల్లో అనిపించినంత పెద్దది కాదు. చెక్క కంచె బయట నిలబడి చూడటమే, లోపల నడవనివ్వరు. కానీ ఎందుకలా అయిందో పాపకు ముందే చెప్పి తీసుకెళ్తే ఇష్టంగా చూస్తుంది: అగ్నిపర్వతం కక్కిన లావా గట్టిపడి బసాల్ట్ రాయి అయింది, వానలకు, వేడికి ఆ రాయి కుళ్లి మట్టిగా మారింది, నీళ్లలో కరిగేవన్నీ కొట్టుకుపోయి ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు మిగిలాయి. ఎరుపు, గోధుమ రంగులు ఇనుమువి, నీలం, ఊదా ఛాయలు అల్యూమినియంవి. అదే ఆవరణలో పెద్ద తాబేళ్లు కూడా ఉన్నాయి. భోజనం షమరెల్‌లోనే చేసేసి కొండ దిగండి.

దిగాక ఓపిక ఉంటేనే లే మోర్న్. సముద్రం మీదకు చొచ్చుకొచ్చిన 556 మీటర్ల రాతి కొండ అది. బానిసత్వం కాలంలో చెరకు తోటల నుంచి పారిపోయిన వాళ్లు దాని గుహల్లో దాక్కునేవారు. 1835లో బానిసత్వం రద్దయిందని చెప్పడానికి వచ్చిన పోలీసులను చూసి, మళ్లీ పట్టుకుపోవడానికే వచ్చారనుకుని కొండ మీది నుంచి దూకేశారని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. కొండ ఎక్కడం మీ బృందానికి కాదు, కింద బీచ్‌లో సరుగుడు చెట్ల నీడన కూర్చుని చూస్తే చాలు. అన్నట్టు, రీల్స్‌లో కనిపించే "సముద్రంలో జలపాతం" ఈ లే మోర్న్ పక్కనే. అది నిజం జలపాతం కాదు, ఇసుక, ఒండ్రు లోతులోకి జారడం వల్ల కలిగే కనికట్టు. హెలికాప్టర్‌లోంచో, చిన్న విమానంలోంచో తప్ప కనపడదు. బీచ్‌లోంచి చూపిస్తామని ఎవరైనా అంటే డబ్బులు ఇవ్వకండి.

ఉత్తరం వైపు రోజును ఆదివారం పెట్టుకోవద్దు. ఆ రోజు పోర్ట్ లూయిస్ మూతబడినట్టే ఉంటుంది. పోర్ట్ లూయిస్‌లో మీవాళ్లకు తప్పక చూపించాల్సింది హార్బర్ పక్కనున్న ఆప్రవాసీ ఘాట్. షాపింగ్ వాటర్‌ఫ్రంట్ కోసం ఏజెంటు రెండు గంటలు కేటాయించి, దీన్ని ప్లాన్‌లో అసలు పెట్టనే లేదు. బానిసత్వం పోతున్న రోజుల్లో తోటల్లో పనికి బ్రిటిష్‌వాళ్లు కూలీలను ఒప్పంద పత్రాల మీద ఇండియా నుంచి తెచ్చారు. 1834 నుంచి 1920 దాకా దాదాపు ఐదు లక్షల మంది ఈ రేవులోనే దిగారు. కొందరు ఇక్కడే ఉండిపోయారు, కొందరిని ఇక్కణ్నుంచి వేరే దేశాలకు పంపారు. వాళ్లు ఎక్కి వచ్చిన రాతి మెట్లు, ఆస్పత్రి గదులు, వంటశాల ఆనవాళ్లు ఇంకా ఉన్నాయి. బీహార్ వైపు నుంచి వచ్చినవాళ్లు ఎక్కువ, కానీ కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి, విశాఖ వైపు నుంచి ఓడలెక్కిన తెలుగువాళ్లు కూడా వేలల్లో ఉన్నారు. వాళ్ల వారసుల్లో చాలామందికి తెలుగు మాట్లాడటం రాకపోవచ్చు, కానీ గుళ్లలో రామభజనలు పాడతారు, ఉగాదికి అక్కడ దేశమంతా ప్రభుత్వ సెలవు, 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది కూడా మారిషస్‌లోనే. మీ నాన్నగారు లాంటి వాళ్లు బీచ్‌లో పది నిమిషాలకే వాచీ చూసుకుంటారు, ఇక్కడ మాత్రం ప్రతి బోర్డూ చదువుతారు. కనీసం గంట ఇవ్వండి. టికెట్ కూడా లేదు.

తర్వాత ఊరు దాటి పాంప్లెమూస్ బొటానికల్ గార్డెన్. దారులు చదును, నీడ బాగా ఉంటుంది. పళ్లేల్లా అంచులు పైకి లేచిన భారీ కలువ ఆకుల చెరువు పిల్లలకు నచ్చుతుంది. పెద్దవాళ్లకు శ్రీతాళం చెట్లు చూపించండి. మన తాళపత్ర గ్రంథాలకు ఆకులిచ్చిన జాతి అది. దశాబ్దాల పాటు పెరిగి, జీవితంలో ఒకే ఒక్కసారి పూసి చచ్చిపోతుంది. గేటు దగ్గర గైడ్‌ను తీసుకోండి, చెట్ల పేర్లు ఒట్టి బోర్డుల మీద చదివితే పిల్లలకు విసుగు. ఇక ఎర్ర పైకప్పు చర్చి, గ్రాండ్ బే మార్కెట్ లాంటివి దారిలో పడితే చూడండి, లేకపోతే లేదు.

తూర్పున ఇల్ ఓ సెర్ఫ్ గురించి మీకు వచ్చిన సలహాలన్నీ "తప్పక చూడాలి" అనే ఉంటాయి. దీవి పక్కన చిన్న దీవి, తెల్లటి ఇసుక, లోతు తక్కువ నీళ్లు. పిల్లలకు నిజంగానే పండగ. మీ హోటల్ నుంచి ట్రూ డో డూస్ రేవుకు గంటన్నర పట్టుకోండి, అక్కణ్నుంచి పడవ. ఇందులో రెండు మెలికలున్నాయి. ఒకటి స్పీడ్‌బోటు. గాలి ఉన్న రోజున అది అలల మీద ఎగిరి ఎగిరి పడుతుంది, ఆ కుదుపు నడుముకూ మోకాళ్లకూ మంచిది కాదు. మామూలు ఫెర్రీ పడవే అడగండి. ఎక్కేచోట, దిగేచోట జెట్టీ ఉందా, మోకాలి లోతు నీళ్లలోకి దిగి ఎక్కాలా అనేది కూడా ముందే తేల్చుకోండి. రెండోది, ఏ రోజున అనేది ఇంటి దగ్గరే ఫిక్స్ చేసుకోవద్దు. అక్కడికి వెళ్లాక గాలి తగ్గిన రోజు చూసి వెళ్లండి. గాలి తగ్గకపోతే అమ్మానాన్నలను హోటల్‌లో ఉంచి మీరు నలుగురూ వెళ్లొచ్చినా నష్టం లేదు. ప్రతి చోటుకూ ఆరుగురూ కలిసే వెళ్లాలన్న రూలేమీ లేదు.

డాల్ఫిన్ టూర్ గురించి నా అభిప్రాయం మీకు నచ్చకపోవచ్చు. తమారిన్ తీరానికి పొద్దున్నే వచ్చే స్పిన్నర్ డాల్ఫిన్లు రాత్రంతా వేటాడి విశ్రాంతికి వస్తాయి. అప్పుడే పది పదిహేను పడవలు వాటి చుట్టూ మూగుతాయి. జనాన్ని నీళ్లలోకి దూకమంటారు, అవి మునిగిపోగానే పడవ మళ్లీ వాటి వెనకే పరుగు. ఐదేళ్ల బాబును ఆ లోతు నీళ్లలోకి దించలేరు, పెద్దవాళ్లకు పడవలో కడుపులో తిప్పుతుంది. పాప గట్టిగా పట్టుబడితే దూరం పాటించే పడవను వెతికి తండ్రీకూతుళ్లు వెళ్లిరండి. నేనైతే ఆ డబ్బు మిగిల్చి దక్షిణాన లా వానీల్ పార్కుకు తీసుకెళ్తాను. వందల సంఖ్యలో పెద్ద తాబేళ్లు ఆరుబయట తిరుగుతుంటాయి, పిల్లలు వాటి పక్కన కూర్చుని మెడ నిమరొచ్చు. నైలు మొసళ్లు కూడా ఉన్నాయి. అక్కడికి దగ్గర్లోనే గ్రి గ్రి తీరం. దీవి చుట్టూ చాలావరకు ఉన్న పగడపు దిబ్బలు అక్కడ తెగిపోయాయి. మిగతాచోట్ల దూరంగా తెల్లటి గీతలా విరిగిపోయే అలలు అక్కడ నేరుగా వచ్చి కొండరాళ్లను కొడతాయి. చూడటానికే, స్నానానికి కాదు. గట్టు అంచుకు పిల్లలను పంపొద్దు.

డ్రైవరు సంగతి. అక్కడ మనలాగే ఎడమవైపు డ్రైవింగ్, మీరే నడపొచ్చు. కానీ ఆరుగురికి వ్యాన్, డ్రైవరుతో రోజు లెక్కన మాట్లాడుకోవడం మేలు. మాట్లాడేటప్పుడే మూడు విషయాలు తేల్చండి: ఎన్ని గంటలకు ఎంత, బాబుకు చైల్డ్ సీట్ ఇస్తారా, భోజనానికి ఎక్కడ ఆపాలో ఎవరి ఇష్టం. ఇంకొకటి, ఓడల బొమ్మలు చేసే ఫ్యాక్టరీలు, డైమండ్ షోరూములు, డ్యూటీ ఫ్రీ దుకాణాల దగ్గర ఆపొద్దని నవ్వుతూనే ముందే చెప్పేయండి. చెప్పకపోతే ప్రతి టూర్‌లోనూ ఒక గంట వాటికే పోతుంది. చాలామంది డ్రైవర్లకు హిందీ, భోజ్‌పురి వచ్చు కాబట్టి అమ్మానాన్నలతో కబుర్లు బాగానే నడుస్తాయి.

మధ్యాహ్నం తిండికి భయపడక్కర్లేదు. రోడ్డు పక్కన దాల్ పూరీ ఎక్కడైనా దొరుకుతుంది, లోపల శనగపప్పు పొడి పెట్టి కాల్చిన మెత్తటి రొట్టె. గాతో పిమాఁ అని అమ్మేది దాదాపు మన పప్పు వడే. కూరల్లో మాంసం రసం కలిసే అవకాశం ఉంది కాబట్టి శాకాహారం అని అడిగి తీసుకోమనండి. సముద్రంలోకి దిగేటప్పుడు అందరికీ రబ్బరు బూట్లు ఉండాలి. సముద్రపు ముళ్లకాయలు (సీ అర్చిన్లు) కాలిలో గుచ్చుకుంటే తీయడం కష్టం, అరుదుగా రాతి చేప కూడా ఉంటుంది, దాని విషం చాలా ప్రమాదం. నాన్నగారి మందులకు డాక్టరు చీటీ ఒరిజినల్ వెంట పెట్టుకోండి, కొన్ని మందుల విషయంలో అక్కడ కస్టమ్స్ గట్టిగా ఉంటారు.

లెక్క వేస్తే దిగిన రోజు విశ్రాంతి, ఆ తర్వాత నైరుతి ఒక రోజు, ఉత్తరం ఒక రోజు, గాలిని బట్టి తూర్పు ఒక రోజు, తాబేళ్ల పూట ఒకటి, ఒక రోజు పూర్తిగా ఖాళీ. ఆ ఖాళీ రోజును ఏజెంటు నింపబోతాడు, ఒప్పుకోకండి. తిరుగు విమానం సాయంత్రమో రాత్రో అయితే చివరి పొద్దున సామానుతో సహా ఆగ్నేయానికి వచ్చేయండి. ఎయిర్‌పోర్టుకు దగ్గర్లోనే బ్లూ బే మెరైన్ పార్కు ఉంది. గాజు అడుగు పడవలో కూర్చుంటే ఈత రాని అమ్మగారు కూడా పగడాలు, చేపలు చూడొచ్చు. గాలి పెరగకముందే, పొద్దున పడవకే వెళ్లండి. అది సోమవారం అయితే పక్కనే మాయెబూర్గ్‌లో సంత ఉంటుంది, కొనుక్కోవాల్సినవి అక్కడ కొనుక్కుని ఎయిర్‌పోర్టుకు వెళ్లిపోవచ్చు. మీ టికెట్ ఏ టైముకో రాయలేదు. అది చెప్తే చివరి రోజు ఇంకాస్త సరిచేసి రాస్తాను.